మూలల్లో సాగుతున్న చుక్కలు: రెడ్యూసర్ మార్చే ముందు మిల్లీమీటర్లు కొలవండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ దగ్గర 80 మి.మీ. ఎఫ్/6 (ఫోకల్ లెంగ్త్ లెన్స్ వ్యాసానికి ఆరు రెట్లు) ఈడీ డబ్లెట్ (రంగులు తక్కువ చెదిరే గాజుతో, రెండు కటకాల లెన్స్) టెలిస్కోప్, దానికి 0.8 రెడ్యూసర్-ఫ్లాటెనర్ (ఫోకల్ లెంగ్త్‌ని 0.8 వంతుకి తగ్గించి, బొమ్మని చదును చేసే కటకాల గొట్టం) ఉన్నాయి. క్యానన్ డీఎస్‌ఎల్‌ఆర్ తగిలించినన్నాళ్లూ చుక్కలు అంచుల దాకా గుండ్రంగానే వచ్చాయి. ఇప్పుడు ఏపీఎస్-సీ సైజు (సుమారు 23.5 × 15.7 మి.మీ. సెన్సర్) కూల్డ్ కెమెరా (సెన్సర్‌ని చల్లబరిచే ఖగోళ కెమెరా) కొని, దాని ముందు ఫిల్టర్ డ్రాయర్ (ఫిల్టర్ దూర్చే అర) పెట్టాక నాలుగు మూలల్లోనూ చుక్కలు సాగిపోతున్నాయి. రెడ్యూసర్ పాడైందా, వేరేది తీసుకోవాలా, లేదా దాన్ని పక్కన పెట్టి ఉత్త ఫ్లాటెనర్ కొనుక్కోవాలా అని అడిగారు. మీ మిత్రుడి 8 అంగుళాల ఎస్‌సీటీకి (ష్మిట్-కాసెగ్రెయిన్ అనే అద్దాల టెలిస్కోప్‌కి) ఇదే రెడ్యూసర్ పనికొస్తుందా అన్నది రెండో ప్రశ్న.

మీ రెడ్యూసర్ బాగానే ఉంది. ఒక్క స్పేసర్ (దూరం సర్దే రింగు) తప్ప ఇప్పుడు మీరు ఏమీ కొనక్కర్లేదు. మీరు రాసిన కొలతలు కూడితేనే తేడా బయటపడుతోంది: కెమెరా ముఖం నుంచి సెన్సర్ దాకా 17.5, డ్రాయర్ 20, ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ 21, మొత్తం 58.5 మి.మీ. మీ రెడ్యూసర్ అడిగేది, అంటే దాని వెనక నుంచి సెన్సర్ దాకా ఉండాల్సిన దూరం (బ్యాక్ ఫోకస్), 55. డ్రాయర్‌లో ఉన్న ఫిల్టర్ వల్ల అది ఇంకో ముప్పాతిక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది, అది తర్వాత చెప్తాను. అంటే సెన్సర్ ఉండాల్సిన చోటికి దాదాపు 3 మి.మీ. వెనక కూర్చుంది. రెడ్యూసర్‌తో వచ్చే ఎఫ్/4.8 దగ్గర, ఏపీఎస్-సీ మూలల్లో, 3 మి.మీ. చాలా పెద్ద తప్పు.

డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఈ బాధ ఎందుకు రాలేదంటే, ఆ 55 లెక్క మీకు తెలియకుండానే కుదిరిపోయింది. క్యానన్ ఈఎఫ్ కెమెరాలో లెన్స్ కూర్చునే రింగు నుంచి సెన్సర్‌కి 44 మి.మీ. మీరు వాడిన టీ-రింగ్ (కెమెరాని టెలిస్కోప్‌కి కలిపే రింగు) మందం 11. రెండూ కలిపితే 55. నికాన్ ఎఫ్ కెమెరాలో 46.5, దాని టీ-రింగ్ 8.5, అక్కడా 55 వస్తుంది. చాలామంది తయారీదార్లు తమ రెడ్యూసర్లను, ఫ్లాటెనర్లను ఈ 55కే డిజైన్ చేయడానికి కారణం ఇదే. కూల్డ్ కెమెరాకి మారిన రోజు నుంచి ఆ లెక్క మనమే కట్టుకోవాలి. మిర్రర్‌లెస్ కొన్నవాళ్లకీ అంతే. క్యానన్ ఆర్ఎఫ్‌లో 20, సోనీ ఈ మౌంట్‌లో 18 మాత్రమే ఉంటుంది కాబట్టి వాటి టీ-రింగ్‌లు పొడుగ్గా ఉంటాయి.

ఈ దూరం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే అసలు ఫ్లాటెనర్ ఏం చేస్తుందో చూడాలి.

డబ్లెట్ లెన్స్ చుక్కలన్నిటినీ ఒకే చదునైన తలం మీద ఫోకస్ చేయదు. బొమ్మ ఏర్పడే తలం గిన్నెలాగా వంగి ఉంటుంది, గిన్నె లోపలి వైపు లెన్స్‌కేసి తిరిగి ఉంటుంది. ఆ వంపు వ్యాసార్ధం స్థూలంగా ఫోకల్ లెంగ్త్‌లో మూడో వంతు. మీ 480 మి.మీ. టెలిస్కోప్‌కి 160 మి.మీ. అనుకోండి. ఏపీఎస్-సీ సెన్సర్ మధ్య నుంచి మూలకి 14 మి.మీ. 14ని 14తో గుణించి, 160కి రెట్టింపైన 320తో భాగిస్తే 0.61 వస్తుంది. అంటే మధ్యలో ఫోకస్ సరిగ్గా కుదిరినప్పుడు మూలల్లో అది 0.6 మి.మీ. తప్పిపోయి ఉంటుంది. ఎఫ్/6 దగ్గర ఫోకస్‌కి ఉండే వెసులుబాటు సుమారు 90 మైక్రాన్లు, అంటే 0.09 మి.మీ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఫ్లాటెనర్ లేకుండా ఆ సెన్సర్ వాడటం ఎందుకు కుదరదో తెలిసిపోతుంది. ఇంకో సంగతి, ఈ తప్పు దూరం వర్గంతో పాటు పెరుగుతుంది. 11.3 మి.మీ. చతురస్రపు చిన్న సెన్సర్‌లో మూల 8 మి.మీ. దూరమే కాబట్టి తప్పు 0.2 మి.మీ. మాత్రమే. చిన్న సెన్సర్ వాడే మిత్రులు "నాకు ఫ్లాటెనర్ లేకపోయినా ఫర్వాలేదే" అంటే వాళ్ల మాట వాళ్లకి నిజం, మీకు కాదు. ఫుల్ ఫ్రేమ్‌లో మూల 21.6 మి.మీ. దూరం. అక్కడ తప్పు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు.

ఈ వంపు లెక్కని తేల్చినవాడు జోసెఫ్ పెట్జ్‌వాల్, వియన్నాలో పనిచేసిన గణితవేత్త. ఆయన పోర్ట్రెయిట్ లెన్స్ 1840 నాటిది. ఆ 1840 ప్రాంతంలోనే మన వైజాగ్ డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు సొంతంగా అబ్జర్వేటరీ కట్టించుకున్నారు. తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 శుక్ర సంక్రమణాన్ని (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని) ఇక్కడి నుంచే పరిశీలించారు. కంటితో చూసేవాళ్లకి ఈ వంపు పెద్దగా అడ్డు రాదు. చూసేది మధ్యలో ఉన్న చిన్న భాగం, పైగా కన్ను తనంతట తాను కొంత సర్దుకుంటుంది. చదునైన ఫోటో ప్లేటు వచ్చాకే ఇది బాధగా మారింది. 1870ల్లో స్కాట్లాండ్ రాజ ఖగోళవేత్త చార్లెస్ పియాజ్జి స్మిత్ దానికి మందు చెప్పాడు: ఫోకస్ తలానికి బాగా దగ్గరగా ఒక పుటాకార కటకం పెట్టమని. అక్కడికి వచ్చేసరికి ప్రతి చుక్క తాలూకు కాంతి శంకువు బాగా సన్నబడి ఉంటుంది కాబట్టి ఆ కటకం ఫోకల్ లెంగ్త్‌ని పెద్దగా మార్చకుండానే వంపుని ఎదురు వంపుతో రద్దు చేస్తుంది. ఇవాళ మనం కొనే ఫ్లాటెనర్ల మూలం ఆ ఆలోచనే.

రెడ్యూసర్ సంగతి దీనికి విరుద్ధం. ఫోకల్ లెంగ్త్ తగ్గించాలంటే కాంతిని ఇంకా దగ్గరకి వంచే కుంభాకార కటకం కావాలి. అది ఒంటరిగా పెడితే వంపుని తగ్గించదు, ఇంకా పెంచుతుంది. ఒకటింపావు అంగుళం గొట్టానికి బిగించే చవక 0.5 రెడ్యూసర్లతో మధ్యలో తప్ప ఎక్కడా చుక్క నిలబడకపోవడానికి కారణం ఇదే. వాటిని కొనొద్దని అడిగినవాళ్లందరికీ చెప్తుంటాను. మీ దగ్గరున్న రెడ్యూసర్-ఫ్లాటెనర్‌లో రెండు పనులకీ వేర్వేరు గాజులు ఉంటాయి. ఫలానా వంపు ఉన్న ఫలానా ఎఫ్ నంబర్ కాంతి లోపలికి వస్తే, వెనక ఫలానా దూరంలో చదునైన బొమ్మ కట్టేలా వాటిని లెక్కగట్టి చేస్తారు. దూరం మారితే ఆ సమతూకం చెడుతుంది. మధ్యలో ఏమీ తెలియదు. మూలల్లో ఆస్టిగ్మాటిజం (చుక్క ఒక దిక్కున గీతలా సాగే దోషం), మిగిలిపోయిన వంపు కలిసి చుక్కల్ని సాగదీస్తాయి.

ఇప్పుడు కొలతల దగ్గరికి వద్దాం, అసలు పని ఇక్కడే ఉంది.

55ని ఎక్కడి నుంచి కొలవాలి? రెడ్యూసర్ వెనక గాజు నుంచి కాదు, మర చివర నుంచీ కాదు. వెనక మర ఎక్కడ మొదలవుతుందో, తర్వాతి రింగు వచ్చి ఎక్కడ ఆనుతుందో, ఆ భుజం నుంచి కొలవాలి. కొన్ని తయారీలకి వేరే చోటి నుంచి ఇస్తారు, అందుకే డ్రాయింగ్ ఉంటే తప్పక చూడండి. స్పేసర్ల మందం కొలిచేటప్పుడు కూడా బయటికి పొడుచుకొచ్చిన మర లెక్కలోకి రాదు, అది ఎదుటి రింగు లోపలికి పోతుంది కదా. ఒక డిజిటల్ కాలిపర్ తీసుకోండి, ఈ హాబీలో అంత తక్కువ ఖర్చుకి అంత మేలు చేసే వస్తువు ఇంకోటి లేదు. రింగు మీద 16.5 అని చెక్కి ఉన్నా కొలవండి, 16.3 తేలడం అరుదేమీ కాదు.

ఇక ఫిల్టర్. రెడ్యూసర్‌కీ సెన్సర్‌కీ మధ్య గాజు పలక ఉంటే ఫోకస్ ఆ గాజు మందంలో మూడో వంతు వెనక్కి జరుగుతుంది. 2 మి.మీ. ఫిల్టర్‌కి దాదాపు 0.7 మి.మీ. అంటే 55 కాస్తా 55.7 అవుతుంది. ఫిల్టర్‌ని రెడ్యూసర్ ముందు వైపు బిగిస్తే ఈ దిద్దుబాటు అక్కర్లేదు, ఆ తేడాని ఫోకసర్ చూసుకుంటుంది. మీది డ్రాయర్‌లో ఉంది కాబట్టి మీ లక్ష్యం 55.7.

21 ట్యూబ్ తీసేసి దాని చోట 16.5 ట్యూబ్ పెట్టండి. ఈ 16.5, 21 రెండూ కూల్డ్ కెమెరాలతో పాటు తరచూ వస్తాయి, మీ పెట్టెలో చూడండి, ఉండే ఉంటుంది. 17.5, 20, 16.5 కలిపితే 54. ఇంకా 1.7 కావాలి. 1 మి.మీ., 0.5 మి.మీ. సన్నటి రింగులు సెట్లుగా దొరుకుతాయి. మిగిలిన 0.2కి ఓహెచ్‌పీ షీట్ నుంచి కోసిన రింగులు చాలు. కోశాక ఒక్కో పొర మందం కాలిపర్‌తో చూసుకోండి. కాగితం వాడకండి, మన ఊరి తేమకి అది ఉబ్బి మందం మారుతుంది. సరైన మందం రింగు దొరక్కపోతే గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్లని అడగండి. ఎం48 (48 మి.మీ. మర), పిచ్ 0.75 అని చెప్పి, నమూనాగా మీ దగ్గరున్న రింగు ఒకటి చేతికివ్వండి. రెండు ముఖాలూ ఒకే బిగింపులో తిప్పమని మాత్రం గట్టిగా చెప్పాలి. ముఖాలు సమాంతరంగా లేకపోతే దూరం కుదిరినా వాలు వస్తుంది, అంటే సెన్సర్ ఒక పక్కకి ఒరుగుతుంది.

55.7 పెట్టగానే పని అయిపోయిందని అనుకోకండి. కెమెరా కిటికీ గాజు, రెడ్యూసర్ తయారీలో చిన్న తేడాలు, మీ డబ్లెట్ అసలు వంపు, ఇవన్నీ కలిసి అసలైన దూరాన్ని ఒక మిల్లీమీటరు అటో ఇటో జరపొచ్చు. అందుకని ఒక రాత్రి పరీక్షకే కేటాయించండి. చుక్కలు దట్టంగా ఉండి, ఆకాశంలో బాగా ఎత్తున ఉన్న చోటు ఎంచుకోండి. చలికాలంలో అయితే ఆరిగా రాశిలో ఎం36, ఎం38 నక్షత్ర గుచ్ఛాల పరిసరాలు మనకి 70 డిగ్రీల పైనే వస్తాయి. 54.7, 55.2, 55.7, 56.2, 56.7 ఇలా అరేసి మిల్లీమీటరు మారుస్తూ, ప్రతిసారీ బాటినోవ్ మాస్క్‌తో (ఫోకస్ కుదిరిందో లేదో చూపే చీలికల మూతతో) మళ్లీ ఫోకస్ చేసి, ఒక్కో చోట కొన్ని ఫ్రేములు తీయండి. ఫోకస్ మళ్లీ చేయకపోతే ఈ పరీక్షకి అర్థం లేదు. ఆస్‌టాప్, సిరిల్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, మూలల్లో చుక్కల సైజునీ వాలునీ అంకెల్లో చూపిస్తాయి. అదే ఫ్రేముని ప్లేట్ సాల్వ్ చేస్తే (చుక్కల అమరికని నక్షత్ర పటంతో సాఫ్ట్‌వేర్‌లో పోల్చితే) అసలు ఫోకల్ లెంగ్త్ కూడా తెలుస్తుంది. 480లో 0.8 వంతు, అంటే 384కి దగ్గరగా రావాలి. సెన్సర్ వెనక్కి పోయేకొద్దీ కుదింపు పెరుగుతుంది కాబట్టి, మీ ఇప్పటి ఫ్రేము సాల్వ్ చేస్తే 384 కన్నా కొంచెం తక్కువ రావాలి. దూరం ఎక్కువైందనడానికి అది ఇంకో సాక్ష్యం.

చుక్కలు సాగే దిక్కు కూడా చాలా చెప్తుంది. మూలల్లో చుక్కలు మధ్యబిందువు వైపు చూస్తున్న గీతల్లా ఉంటే సెన్సర్ మరీ దగ్గరగా ఉందని, మధ్యబిందువు చుట్టూ వలయాలు గీసినట్టు ఉంటే మరీ దూరంగా ఉందని సాధారణంగా లెక్క. మీ ఫోటోలో రెండోది కనిపిస్తోంది, మీ కొలతలతో సరిపోయింది కూడా. అన్ని డిజైన్లకీ ఈ సూత్రం ఒకేలా పనిచేయదు, అందుకే దీన్ని మొదటి ఊహగా తీసుకుని పైన చెప్పిన పరీక్షతో నిర్ధారించుకోమంటాను.

ఇక్కడ మన ఊరి వాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. వైజాగ్ అక్షాంశం 17.7 డిగ్రీలు, ధ్రువ నక్షత్రం క్షితిజం మీద అంతే ఎత్తులో ఉంటుంది. ఉత్తరాన కొండ గానీ, నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ గానీ ఉంటే అసలు కనబడదు. చాలామంది డాబాల మీద దిక్సూచితో ఉజ్జాయింపుగా పోలార్ అలైన్‌మెంట్ (టెలిస్కోప్‌ని తిప్పే మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు గురిపెట్టడం) చేసి కానిచ్చేస్తారు. అలైన్‌మెంట్ తప్పితే, గైడింగ్ (ఒక చుక్కని గమనిస్తూ మౌంట్‌ని సరిదిద్దుతూ ఉండటం) ఎంత బాగున్నా ఫ్రేము గైడ్ చుక్క చుట్టూ మెల్లగా తిరుగుతుంది. అప్పుడు మూలల్లో చుక్కలు అచ్చం వలయాల్లాగే సాగుతాయి. దాన్ని చూసి బ్యాక్ ఫోకస్ తప్పనుకుని స్పేసర్లు మారుస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. తేడా పట్టుకోవడం తేలికే. 5 నిమిషాల ఫ్రేమొకటి, 10 సెకన్ల ఫ్రేమొకటి తీసి మూలలు పోల్చండి. 10 సెకన్లలో కూడా అదే సాగుడుంటే దూరం తప్పు. అందులో చుక్కలు గుండ్రంగా ఉండి పొడుగు ఫ్రేములోనే సాగితే తప్పు మౌంట్‌ది. ధ్రువ నక్షత్రం కనబడని చోట, ప్లేట్ సాల్వింగ్‌తో మూడు చోట్ల ఫ్రేములు తీసి అలైన్ చేసే పద్ధతి వాడండి, నీనా అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ప్లగిన్ ఉంది. మధ్యలో చుక్కలు కూడా సాగుతుంటే మాత్రం రెడ్యూసర్ సంగతి పక్కన పెట్టి ముందు ట్రాకింగ్ చూసుకోండి.

నాలుగు మూలలూ ఒకేలా చెడితే దూరం. ఒక మూల గానీ ఒక పక్క గానీ చెడి ఎదురు పక్క బాగుంటే వాలు. ఎఫ్/6 నుంచి ఎఫ్/4.8కి వస్తే ఫోకస్ వెసులుబాటు 90 మైక్రాన్ల నుంచి 56కి పడిపోతుంది, కాబట్టి రెడ్యూసర్ లేనప్పుడు దాక్కున్న వాలు ఇప్పుడు బయటపడొచ్చు. కెమెరాని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. చెడ్డ మూల ఫ్రేములో అదే మూలలో ఉండిపోతే వాలు కెమెరా వైపు ఉంది, అంటే సెన్సర్, డ్రాయర్ లేదా స్పేసర్లలో. వేరే మూలకి మారితే టెలిస్కోప్ వైపు, అంటే ఫోకసర్ గొట్టంలో. కూల్డ్ కెమెరా, డ్రాయర్ బరువుకి చవక ఫోకసర్లు కిందికి వాలతాయి. రెడ్యూసర్‌ని రెండంగుళాల గొట్టంలో దూర్చి స్క్రూ బిగించే బదులు, వీలైతే నేరుగా ఫోకసర్‌కి మర మీద బిగించండి. ఇంత చిన్న మార్పుతో వాలు పోయిన సెటప్‌లు చాలా చూశాను.

ఇప్పుడు "రెడ్యూసరా, ఉత్త ఫ్లాటెనరా" అన్న ప్రశ్న. రెడ్యూసర్ పెడితే 1.56 రెట్లు వేగం వస్తుందని మీకెవరో చెప్పారని రాశారు. 6ని 4.8తో భాగించి వర్గం చేస్తే 1.56 వస్తుంది, లెక్క తప్పు కాదు. కానీ దాని అర్థాన్ని చాలామంది పొరపాటుగా తీసుకుంటారు. మీ లెన్స్ 80 మి.మీ.లే. రెడ్యూసర్ వెనక ఉంటుంది, ముందు నుంచి వచ్చే కాంతిని ఒక్క ఫోటాన్ కూడా పెంచలేదు. ఒక గెలాక్సీ నుంచి ఫ్రేములోకి వచ్చే మొత్తం కాంతి రెండు విధాలా ఒకటే. రెడ్యూసర్ దాన్ని తక్కువ పిక్సెల్స్ మీదికి సర్దుతుంది, అంతే. పిక్సెల్‌కి కాంతి 1.56 రెట్లవుతుంది, దాంతో పాటే ఆకాశపు వెలుగు కూడా 1.56 రెట్లవుతుంది. పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, బీచ్ రోడ్డు దీపాలతో వెలిగే మన ఊరి ఆకాశం కింద ఈ రెండో సంగతి మర్చిపోతే దెబ్బ తింటాం. అదే మొత్తం ఎక్స్‌పోజర్‌కి పిక్సెల్ స్థాయిలో సిగ్నల్-నాయిస్ నిష్పత్తి సుమారు 1.25 రెట్లు మెరుగవుతుంది. దానికి బదులుగా వివరం కొంత తగ్గుతుంది. 480లో తీసిన ఫోటోని అదే స్కేలుకి కుదిస్తే ఆ మెరుగుదల దాదాపు అందులోనూ వచ్చేస్తుంది.

మరి రెడ్యూసర్ లాభమేంటి? ఒకే ఫ్రేములో 1.56 రెట్లు ఎక్కువ ఆకాశం పడుతుంది. మీ సెన్సర్ 23.5 × 15.7 మి.మీ. అయితే 480 దగ్గర 2.8 × 1.9 డిగ్రీలు, 384 దగ్గర 3.5 × 2.3 డిగ్రీలు. ఆండ్రోమెడా గెలాక్సీ పొడుగు 3 డిగ్రీలకి పైమాటే. 480లో దాని చివరలు తెగుతాయి, 384లో చుట్టూ కొంచెం ఊపిరి ఆడే జాగా కూడా మిగులుతుంది. కాలిఫోర్నియా నెబ్యులా, నార్త్ అమెరికా నెబ్యులా, ప్లైయడీస్ చుట్టూ ఉన్న ధూళి, ఇవన్నీ 384కి చక్కగా కుదిరే లక్ష్యాలు. 3.76 మైక్రాన్ పిక్సెల్స్‌తో స్కేలు 480లో 1.6, 384లో 2.0 ఆర్క్‌సెకన్లు. తీరం దగ్గరి గాలికి 2.0 ఏమీ ముతక కాదు. 80 మి.మీ. టెలిస్కోప్‌తో చిన్న గెలాక్సీల వెంట పడేవాళ్లకి ఉత్త ఫ్లాటెనర్ కొంత ఉపయోగం గానీ, ఎం51 లాంటిది 11 ఆర్క్‌నిమిషాలే, 480లో అయినా ఫ్రేములో ఒక మూలకి సరిపోయేంతే. ఆ కాస్త తేడా కోసం రెండో ఫ్లాటెనర్ కొనమని నేను చెప్పను. ఆ డబ్బుతో నాలుగు రాత్రులు అరకు వైపో అనంతగిరి వైపో వెళ్లి రండి. నల్లటి ఆకాశం ఇచ్చేది ఏ రెడ్యూసరూ ఇవ్వలేదు.

దక్షిణాకాశం మీద మక్కువ ఉంటే మనకి ఇంకో వరం ఉంది. ఒమేగా సెంటారీ మన దగ్గర దాదాపు 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. భీమిలి వైపు తీరం నుంచి దక్షిణానికి చూస్తే ఎదురుగా సముద్రమే. కెరీనా నెబ్యులా అయితే 12-13 డిగ్రీలే, అక్కడి మసకలోంచి తీయాలి. అంత కిందున్న లక్ష్యాల ఫ్రేములు చూసి మాత్రం బ్యాక్ ఫోకస్ మీద తీర్పు చెప్పకండి. వాతావరణమే చుక్కల్ని నిలువుగా సాగదీస్తుంది.

తీరం అన్నాను కాబట్టి తేమ గురించి కూడా. రెడ్యూసర్ గాజుల మీద ఫంగస్ పట్టడం మన ఊళ్లో మామూలు సమస్య. రాత్రి పని అయ్యాక మంచు పట్టిన సామాన్లని అలాగే పెట్టెలో పెట్టి మూయకండి. ఇంట్లో ఆరనిచ్చి, తర్వాత సిలికా జెల్ ఉన్న గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టాలి. రింగుల మరలు ఉప్పు గాలికి బిగుసుకుపోతాయి, ముఖ్యంగా రెండు సన్నటి స్పేసర్లు ఒకదానికొకటి బిగిస్తే. ప్లయర్‌తో పట్టుకుంటే రింగు వంకరపోతుంది, అక్కడితో వాలు ఖాయం. పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు తీసుకుని, ఒక్కో రింగుకీ ఒకటి చుట్టి, అరచేతులతో సమంగా తిప్పండి. ఒకే చోట నొక్కితే రింగు కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోయి ఇంకా బిగుస్తుంది. చుట్టూ సమంగా పట్టుకోవడమే కిటుకు.

రెడ్యూసర్ ఉన్నప్పుడు ఫ్లాట్స్ (సమంగా వెలిగే తలాన్ని తీసి, ఫోటోలో వెలుగు తేడాల్ని సరిచేసే ఫ్రేములు) ఎప్పుడూ మానకండి. బొమ్మ వలయం కూడా 0.8కి కుదించుకుపోతుంది కాబట్టి మూలల్లో వెలుగు తగ్గుతుంది. నగరపు ఆకాశం వెలుగు మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెల్లవారుజామున లెన్స్ మీద తెల్ల గుడ్డ రెండు మడతలు బిగించి, ఫోకస్, కెమెరా కోణం కదపకుండా తీస్తే సరిపోతుంది. ఎం42 రింగుల లోపలి రంధ్రం ఏపీఎస్-సీకి చాలు. రేపు ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లే ఆలోచనుంటే ఇప్పుడు కొనే స్పేసర్లు ఎం48లోనే కొనండి.

ఇక మీ మిత్రుడి ఎస్‌సీటీ. మీ రెడ్యూసర్‌ని దానికి పెట్టొద్దు. మీది ఎఫ్/6 డబ్లెట్ వంపుని సరిచేయడానికి చేసినది, 8 అంగుళాల ఎస్‌సీటీ ఎఫ్/10, 2032 మి.మీ. ఫోకల్ లెంగ్త్, దాని వంపు వేరు, పైగా కోమా (అంచుల్లో చుక్కలకి తోక వచ్చే దోషం) కూడా ఉంటుంది. మామూలు ఎస్‌సీటీ అయితే దాని కోసమే చేసిన 0.63 రెడ్యూసర్-కరెక్టర్ వాడాలి, దాంతో 1280 మి.మీ., ఎఫ్/6.3 అవుతుంది. దాని వెనక ఉండాల్సిన దూరం 55 కాదు, 105 మి.మీ. ఆయనది సెలెస్ట్రాన్ ఎడ్జ్‌హెచ్‌డీ అయితే ఆ 0.63 కూడా వద్దు. ఎడ్జ్‌హెచ్‌డీ గొట్టంలోనే వంపు సరిచేసే గాజులున్నాయి, ఇంకో కరెక్టర్ పెడితే సరిచేసినదాన్ని మళ్లీ చెడగొట్టినట్టే. దానికి వేరే 0.7 రెడ్యూసర్ ఉంది, 8 అంగుళాల మోడల్‌కి దాని వెనక కూడా 105 మి.మీ. రెడ్యూసర్ లేకుండా వాడితే 133.35. గొట్టం మీద ఏం రాసుందో చూసి చెప్పమనండి. ఎవరైనా న్యూటోనియన్‌కి (ఇంకో రకం అద్దం టెలిస్కోప్‌కి) పెట్టొచ్చా అని అడిగితే అదీ కుదరదు, అక్కడ ప్రధాన సమస్య కోమా, దానికి కోమా కరెక్టరే కావాలి.

16.5 ట్యూబ్, 1.7 రింగులు పెట్టి ఆరిగాలో పరీక్ష చేశాక, ఐదు దూరాల దగ్గరా తీసిన ఒక్కో ఫ్రేముని స్ట్రెచ్ చేయకుండా (వెలుగు పెంచి సవరించకుండా) ఎఫ్ఐటీఎస్ అనే ఖగోళ ఫోటో ఫైలు రూపంలోనే పంపండి. ఏ ఫ్రేము ఏ దూరానిదో ఫైలు పేరులో రాయండి. మూలలు నేను కూడా కొలిచి చూస్తాను. వాలు మిగిలి ఉంటే ఏ రింగు కింద ఎంత మందం పొర పెట్టాలో అప్పుడు అంకెతో సహా చెప్పగలను.